రెండో జిగర్ ఎవరిస్తారు?

మన ఇళ్ళల్లో ఎవరికైనా జిగర్ మార్చాలని డాక్టర్ చెప్పగానే రెండే సవాళ్ళు లేస్తాయి. ఇది జాయిజేనా? ఎన్ని లక్షలవుతుంది? మొదటిదానికి ముఫ్తీ సాబ్ దగ్గరికి, రెండోదానికి బంగారం తాకట్టు కొట్టుకు పరిగెత్తుతాం. ఈ రెండింటికీ జవాబు దొరికితే మిగతాది తవక్కుల్ అనుకుని కాగితాల మీద సంతకం పెట్టేస్తాం. ఆ ఆపరేషన్‌లో సర్జన్ ఊపిరి బిగబట్టే చోటు ఒకటుంది. దాని గురించి ముందే అడిగిన కుటుంబం నాకు ఇంతవరకూ కనపడలేదు. అది జిగర్‌కు ఖూన్ తీసుకెళ్ళే ఒక సన్నటి రగ్. హెపాటిక్ ఆర్టరీ అంటారు. కొత్త జిగర్ పెట్టాక ఆ రగ్ మూసుకుపోతే ఏమవుతుంది, అప్పుడు రెండో జిగర్ ఎక్కడి నుంచి వస్తుంది అన్నది మూడో సవాల్. మొదటి రెండు సవాళ్ళకంటే ఇదే పెద్దదని నా అభిప్రాయం. జాయిజా నాజాయిజా అన్న బహస్‌ను కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని అంటాను.

నేను చదివింది ఉర్దూ మీడియం స్కూల్లో. మాకు ఆర్టరీని షిర్యాన్ అనీ, వెయిన్‌ను వరీద్ అనీ నేర్పారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అవే ధమని, సిర అయ్యాయి. ఇంట్లో మాత్రం రెండూ రగ్గే, రెండూ నస్సే. తిరకాసంతా ఇక్కడే వస్తుంది. ఐసీయూ బయట డాక్టర్ వచ్చి "ఆర్టరీలో క్లాట్ ఉంది" అనగానే మనవాళ్ళు గుండె పట్టుకుంటారు. "దిల్‌కు ఏమైంది డాక్టర్ సాబ్, జిగర్ కదా మార్చింది?" అని అడిగిన పెద్దాయన్ని నేనే చూశాను. ఆయన తప్పేం లేదు. జిగర్‌కు కూడా షిర్యాన్ ఉంటుందని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

బక్రీద్ రోజు కుర్బానీ అయ్యాక ముందుగా పొయ్యెక్కేది కలేజీయే. దాన్ని ముక్కలు చేసే మన ఆడవాళ్ళను అడగండి, లోపల గొట్టాలెన్ని ఉంటాయో వాళ్ళకు తెలుసు. మనిషి జిగర్ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. దానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. పేగుల నుంచి, తిల్లీ నుంచి వచ్చే పెద్ద సిర ఒకటి, దాని పేరు పోర్టల్ వెయిన్. జిగర్‌కు చేరే రక్తంలో ముప్పావు వంతు దాకా దీనిదే. మిగతా పావు వంతు గుండె వైపు నుంచి వచ్చే ఆర్టరీది. రక్తం తక్కువే గానీ అది మంచి ఎర్రటి రక్తం, ఆక్సిజన్ ఎక్కువ. జిగర్ పీల్చే ఆక్సిజన్‌లో సుమారు సగం ఈ చిన్న దారిలోనే వస్తుంది.

జిగర్ కండ రెండు దారుల మీదా బతుకుతుంది. కానీ జిగర్ తయారుచేసే సఫ్రాను, అంటే పైత్యరసాన్ని, బయటికి మోసే సన్న నాళాలకు ఆ వెసులుబాటు లేదు. వాటికి తిండి పెట్టేది ఆర్టరీ ఒక్కటే. మన సొంత జిగర్‌లో ఆ ఆర్టరీ ఎప్పుడైనా మూసుకుపోతే చుట్టుపక్కల నుంచి, డయాఫ్రమ్ వైపు నుంచి చిన్న చిన్న రగ్గులు వచ్చి ఎంతో కొంత ఆదుకుంటాయి. మొహల్లాలో ఒక ఇంట్లో పొయ్యి వెలగకపోతే పక్కింటి గిన్నె వచ్చినట్టు. మార్పిడి చేసిన జిగర్‌కు పక్కిళ్ళు లేవు. తీసేటప్పుడే ఆ బంధాలన్నీ తెగిపోయాయి. కుట్టిన ఆ ఒక్క ఆర్టరీ మూసుకుంటే సఫ్రా నాళాలు కుళ్ళడం మొదలవుతుంది. సఫ్రా లోపలే కారుతుంది, చీము గడ్డలు లేస్తాయి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లోనే మూసుకుంటే జిగర్ మొత్తం చచ్చిపోవచ్చు. నెలల తర్వాత మెల్లగా మూసుకుంటే కొత్త చిన్న రగ్గులు పుట్టి మనిషి నిలబడొచ్చు. అయినా నాళాలు అక్కడక్కడా ఇరుకైపోయి మాటిమాటికీ కామెర్లు, జ్వరం, స్టెంట్లు.

ఇదేదో లక్షలో ఒకరికొచ్చే బలా కాదు. 2009లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ప్రపంచమంతటి నుంచి 21 వేలకు పైగా జిగర్ మార్పిడుల లెక్క తీశారు. వాటిలో మొదటి రోజుల్లోనే ఆర్టరీ గడ్డకట్టినవి 4.4 శాతం. పెద్దవాళ్ళలో 2.9, పిల్లల్లో 8.3. బయటపడింది సగటున వారం రోజులకు. అలా మూసుకున్నవాళ్ళలో సగానికి పైగా మందికి మళ్ళీ జిగర్ మార్చాల్సి వచ్చింది. ప్రతి ముగ్గురిలో ఒకరు దక్కలేదు. అవి పాత లెక్కలు, మంచి సెంటర్లలో ఇప్పుడు పరిస్థితి మెరుగు. అయినా జిగర్ మార్చే డాక్టర్‌ను నిద్రలోంచి లేపి ఏ ఫోన్ వస్తే భయమేస్తుందని అడగండి, ఇదే చెప్తారు.

మన దేశానికి వచ్చేసరికి ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో, యూరప్‌లో ఎక్కువ జిగర్‌లు మరణించినవాళ్ళ నుంచి వస్తాయి. అక్కడ నిండు జిగర్ వస్తుంది, దానితో పొడుగాటి ఆర్టరీ వస్తుంది. మన దగ్గర ఎక్కువ భాగం బతికున్న బంధువుల నుంచి తీసిన ముక్క. దాత ప్రాణానికి ముప్పు రాకూడదు కాబట్టి ఆర్టరీ పొట్టిగానే కోస్తారు. ఆ ముక్కకు వచ్చే ఆర్టరీ వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. మన ఇళ్ళల్లో జర్దోజీ పని చేసే పిల్లల సూది చూశారు కదా, ఇక్కడ వాడే దారం తల వెంట్రుక కంటే సన్నం. 1990ల మొదట్లో జపాన్‌లోని క్యోటో డాక్టర్లు ఈ కుట్టును మైక్రోస్కోప్ కింద వేయడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి వచ్చాక ఇలా మూసుకుపోవడం బాగా తగ్గింది. ఇప్పుడు కొన్నిచోట్ల మైక్రోస్కోప్, కొన్నిచోట్ల పెద్దగా చూపించే కళ్ళద్దాలు. ఏది వాడినా అది చెయ్యి తిరిగిన పనివాడి పని. మనం ఆస్పత్రికి వెళ్ళి రూమ్ ఏసీయా నాన్ ఏసీయా అని అడుగుతాం. ఆర్టరీ ఎవరు కుడతారు, ఎన్ని కుట్టారు అని అడగం.

అడగాలి. సంతకం పెట్టే ముందు అడగాలి. మొదటి వారం డాప్లర్ స్కాన్ రోజూ చేస్తారా? డాప్లర్ అంటే గర్భిణీలకు చేసే స్కాన్ లాంటిదే, పొట్ట మీద పెట్టి రగ్‌లో రక్తం పారుతోందా లేదా చూస్తారు. నొప్పి లేదు, సూది లేదు. ఈ రగ్ మూసుకున్న మొదటి గంటల్లో రోగికి ఏమీ తెలియకపోవచ్చు. లేచి కూర్చుని చాయ్ అడుగుతూ ఉంటాడు. రక్త పరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంకెలు ఒక్కసారిగా ఎగబాకుతాయి, లేదా డాప్లర్‌లో చప్పుడు వినపడదు, అంతే. గంటల్లో పట్టుకుంటే మళ్ళీ తెరిచి గడ్డ తీసి కుట్టొచ్చు, తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి మందుతో గడ్డ కరిగించొచ్చు, స్టెంట్ వేయొచ్చు. పొద్దుటికి చూద్దాంలే అనుకుంటే ఈ దారులన్నీ మూతపడతాయి. కాబట్టి రాత్రి రెండింటికి డాప్లర్ తీసేవాళ్ళు, గొట్టం పంపే డాక్టర్ ఆస్పత్రిలో ఉంటారా అన్నది మనం అడగాల్సిన సవాలే. మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తే అది ప్యాకేజీలో ఉందా, వేరే బిల్లా? ఇలా అడిగితే డాక్టర్లు నారాజ్ అవుతారని మనకు భయం. మంచి డాక్టర్ నారాజ్ కాడు. అయ్యే చోట మనకు పనేంటి?

మా బంధువుల్లో జరిగింది చెప్తాను. ఆయనకు అరవై దగ్గర. జిందగీలో ఒక్క చుక్క ముట్టలేదు. అయినా జిగర్ ఖరాబ్ అనగానే ఊళ్ళో గుసగుసలు. మనవాళ్ళకు జిగర్ అంటే షరాబ్ ఒక్కటే. షుగర్, కొవ్వు, హెపటైటిస్ బీ, సీ కూడా జిగర్‌ను తినేస్తాయని ఇంకెప్పుడు తెలుసుకుంటామో. ఆ బద్‌నామీకి భయపడి ఏడాదిన్నర ఇంట్లోనే దాచారు. చివరికి మార్పిడి తప్పదన్నారు. కొడుకు రియాద్‌లో, ఇఖామా గొడవల్లో ఇరుక్కున్నాడు. భార్యకు షుగర్, బీపీ. పెద్ద కూతురిది వేరే బ్లడ్ గ్రూప్. ఇరవై నాలుగేళ్ళ చిన్న కూతురు నేనిస్తానంది. "కడుపు మీద అంత కోత ఉన్న పిల్లకు రిష్తా ఎవరు తెస్తారు?" అని ఖాలాలు, ఫుప్పీలు కూర్చుని ఏడ్చారు. పిల్ల వినలేదు. ఇచ్చింది.

నాలుగో రోజు పొద్దున డాప్లర్‌లో రక్తం పారడం కనపడలేదు. మధ్యాహ్నానికి మళ్ళీ థియేటర్. గడ్డ తీశారు, కుట్టారు. రెండో రాత్రి మళ్ళీ మూసుకుంది. డాక్టర్ బయటికొచ్చి ఈ జిగర్ ఇక పనికిరాదు, ఇంకొకటి కావాలన్నాడు. ఇంకొకటి అంటే? ఐసీయూ బయట ఆ కుర్చీల వరుసలో పన్నెండు మందిమి ఉన్నాం. ఎవరి కళ్ళూ ఎవరివైపూ తిరగలేదు. ఇంకో బంధువును తెచ్చినా బ్లడ్ గ్రూప్, సీటీ స్కాన్, జిగర్ కొలతలు, కమిటీ అనుమతి, ఇవన్నీ ఒక్క రాత్రిలో అయ్యే పనులు కావు. మిగిలింది జీవన్‌దాన్ జాబితా ఒక్కటే.

మూడు రోజులకు వచ్చింది. ఎవరిదో. ఏ ఊరో, ఏ పేరో చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆయన బతికాడు. ఇప్పుడు ఫజర్‌కు మసీదుకు నడిచి వెళ్తున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఖాందాన్‌లో అందరూ "బేటీ జిగర్ ఇచ్చి బాప్‌ను బచాయించింది" అంటారు. బేటీ ఇచ్చిన మాట నిజమే. కానీ ఆయన్ని బతికించిన జిగర్ ఆ పిల్లది కాదు. ఆ పిల్లదాన్ని తీసేశారు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఒకసారి నాతోనే అంది ఆ పిల్ల, "నాది వారం కూడా ఉండలేదు కదా భాయ్‌జాన్" అని. తర్వాత ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అదే ఇంట్లో ఆరు నెలల తర్వాత దావత్‌లో కూర్చుని అడిగాను, మనలో ఎవరికైనా రోడ్డు మీద ఏదైనా అయి బ్రెయిన్ డెడ్ అంటే జిగర్ ఇస్తామా అని. ఆయన తల దించుకున్నాడు. ఆయన తమ్ముడు మాత్రం టక్కున అన్నాడు, "అది నాజాయిజ్ కదా."

నా కోపమంతా ఆ 'కదా' మీద. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇచ్చే హైసియత్ నాది కాదు. కానీ ఇందులో ఉలమాలందరిదీ ఒకే మాట కాదన్న సంగతి చెప్పే హక్కు జర్నలిస్టుగా నాకుంది. సౌదీ అరేబియా కిబార్ ఉలమా 1982లోనే మరణించిన వాళ్ళ నుంచి అవయవం తీసుకోవడాన్ని షరతులతో ఒప్పుకున్నారు. ముస్లిం దేశాల ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో కూర్చుని, మెదడు పనులన్నీ తిరిగి రాకుండా ఆగిపోయి డాక్టర్లు అది ఖాయం చేస్తే షరీఅత్‌లోనూ దాన్ని మౌత్‌గా తీసుకోవచ్చంది. 1988లో జిద్దాలో అవయవ దానం మీద వివరంగా తీర్మానం చేసింది. అమ్మకం కుదరదు, ఇజాజత్ ఉండాలి, ప్రాణం నిలబెట్టే అవసరం ఉండాలి, అప్పుడు బతికున్న మనిషి నుంచైనా మయ్యత్ నుంచైనా తీసుకోవచ్చు. మన బిడ్డలు ఉద్యోగాలకు వెళ్ళే ఆ రియాద్‌లోనే దీనికి ప్రభుత్వ కేంద్రం ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది.

ఇటు మన ఉపఖండంలో పెద్ద ఆలిమ్‌లు చాలామంది ఒప్పుకోలేదు. పాకిస్తాన్‌లో ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాబ్ లాంటి వాళ్ళు మనిషి శరీరం అల్లాహ్ అమానత్, అది మన మిల్క్ కాదు, ఇవ్వడానికి మనకు ఇఖ్తియార్ లేదన్నారు. మన దేశంలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1989లో ఢిల్లీ సెమినార్‌లో మధ్య దారి తీసింది. బతికున్న బంధువు ఇవ్వడాన్ని షరతులతో ఒప్పుకుంది. చనిపోయాక ఇవ్వమని చేసే వసీయత్‌ను మాత్రం షరీఅత్ దృష్టిలో వసీయత్ కాదంది. ఈ మధ్య దారే మన ఇళ్ళల్లో ఇప్పుడు నడుస్తున్నది. అమానత్ అన్న దలీల్‌ను నేను తేలిగ్గా తీసుకోను. ఆ పెద్దల ఇల్మ్ ముందు నేనెంత?

అయితే ఈ మధ్య దారి ఎక్కడికి తీసుకెళ్తుందో ఆ ఐసీయూ బయట నేను చూశాను. బతికున్నవాళ్ళే ఇవ్వాలి అన్నామంటే బరువంతా ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. ఇంట్లో అంటే ఎక్కువగా ఎవరు? మన దేశంలో బతికుండగా అవయవాలు ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అమ్మీ, బీవీ, బేటీ, బహెన్. సగానికి పైగా జిగర్ కోసి ఇచ్చే దాతకు కూడా ప్రాణాపాయం ఉంది, రెండు వందల నుంచి ఐదు వందల మందిలో ఒకరికి అని డాక్టర్లే చెప్తారు. అంత ఖతరా తలకెత్తుకుని ఒక బేటీ ఇచ్చింది, అది ఆర్టరీ మూసుకుని పోయింది, ఇప్పుడు ఇంకో బేటీని పిలవాలా? మట్టిలో కలవబోయే శరీరం హుర్మత్ కోసం, బతికున్న పిల్లల కడుపు ఒకరి తర్వాత ఒకరిది కోయడమా? మయ్యత్‌కు హుర్మత్ ఉంది, నేను కాదనను. జిందా పిల్ల హుర్మత్ సంగతి కూడా ఆ సెమినార్ గదుల్లో ఎవరైనా లేవనెత్తాలి. 1989లో ఈ దేశంలో జిగర్ మార్పిడి అనేదే లేదు. బతికున్న దాత ముక్కతో మొదటిసారి విజయవంతంగా చేసింది 1998లో, ఢిల్లీలో. అప్పటి తీర్మానం ముందు ఈ ఆర్టరీ మసలా లేదు, రెండో జిగర్ సవాల్ లేదు. ఇప్పుడున్నాయి. మసలా మారితే మళ్ళీ కూర్చోవడం ఫిఖ్‌కు కొత్తేమీ కాదు.

శరీరం కోస్తారు, మయ్యత్ బేహుర్మత్ అవుతుంది అంటారు. రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ళకు పోలీసు కేసు ఉంటుంది, పోస్ట్‌మార్టం మనం వద్దన్నా జరుగుతుంది. బ్రెయిన్ డెడ్ అయ్యేవాళ్ళలో చాలామంది బైకు మీద నుంచి పడ్డ కుర్రాళ్ళే. ఎలాగూ కోత తప్పని శరీరం అది. అవయవాలు తీశాక కుట్టి ఇస్తారు. గుస్ల్‌కు, కఫన్‌కు అడ్డేమీ ఉండదు. తద్ఫీన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే. దుబాయ్ నుంచి కొడుకు రావాలని మనం మయ్యత్‌ను ఫ్రీజర్ బాక్సులో రెండు రోజులు పెడుతున్నాం కదా, అప్పుడు ఈ జల్దీ ఎక్కడికి పోతుంది?

అసలు భయం వేరే ఉంది, అది మజ్హబ్‌ది కాదు. కార్పొరేట్ ఆస్పత్రుల మీద నమ్మకం లేకపోవడం. బిల్లు కోసం వెంటిలేటర్ మీద ఉంచుతారు, అవయవాల కోసం బతికున్నవాణ్ణి చనిపోయాడంటారు. ఈ షక్ హిందూ ఇళ్ళల్లోనూ ఉంది. కిడ్నీ రాకెట్ల వార్తలు డెస్క్ మీద నేనే ఎన్నిసార్లు దిద్దానో, ఆ షక్‌ను బేవకూఫీ అని కొట్టిపారేయలేను. అందుకే చట్టం తెలుసుకోవాలంటున్నాను. బ్రెయిన్ డెడ్ అని ఒక డాక్టర్ చెబితే చాలదు, నలుగురు చెప్పాలి. వాళ్ళలో మార్పిడి చేసే టీమ్ వాళ్ళు ఉండకూడదు. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయాలి. ఆ పరీక్షల కాగితాలు చూపించమని మనం అడగొచ్చు. ఇంటివాళ్ళు వద్దంటే అక్కడితో ఆగిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎవరికి ఇవ్వాలన్నది జీవన్‌దాన్ జాబితా ప్రకారం నడవాలి, ఆస్పత్రి యజమాని ఇష్టం కాదు. ఎక్కడైనా ఇది తప్పితే కొట్లాడాలి, అడగాలి, రాయాలి. నేను రాస్తాను.

కరాచీలో అబ్దుల్ సత్తార్ ఎధీ సాబ్ 2016లో పోయినప్పుడు ఆయన కళ్ళు తీసి ఇచ్చేశారు. మిగతా అవయవాలు జబ్బు వల్ల పనికిరాలేదు. మనవాళ్ళు ఆయన ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు, 'మసీహా' అని రాస్తారు. ఆయన కళ్ళ సంగతి మాత్రం ఆ స్టేటస్‌లో రాదు.

మార్పిడి అయి ఇంటికొచ్చినవాళ్ళకు రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆర్టరీ కథ ఆస్పత్రి గేటు దగ్గర అయిపోదు. రక్తం గడ్డకట్టకుండా చిన్న ఆస్పిరిన్ గోలీ చాలామందికి రాస్తారు, "ఇన్ని గోలీలా" అని ఇంట్లో ఎవరో ఒక సయానా దాన్ని ఆపేస్తాడు. ఆపొద్దు. మార్చింది జిగర్ కదా, సిగరెట్‌కు ఏం సంబంధం అంటారు. ఉంది, పొగ ఈ రగ్గులను కూడా వదలదు. రమజాన్ వస్తే రోజా పెట్టాలన్న తపన వీళ్ళకే ఎక్కువ, బతికి బయటపడ్డవాళ్ళు కదా. జిగర్‌ను శరీరం తోసెయ్యకుండా వేసే గోలీకి గంట తప్పకూడదు. ఎండాకాలం రోజుల్లో ఒంట్లో నీరు తగ్గడం కూడా మంచిది కాదు. డాక్టర్ వద్దంటే వద్దు, బీమార్‌కు రుఖ్సత్ ఇచ్చింది మన దీనే. ఫిద్యా ఇచ్చి ఊరుకోమంటే గునాహ్ చేసినట్టు మొహం పెడతారు. జ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు కనపడితే దువా చదివించుకోండి, ఊదించుకోండి, కానీ ఆటోలో కూర్చుని ఆస్పత్రికి పోతూ చదివించుకోండి.

ఆరోగ్యశ్రీ సంగతి కూడా తెలుసుకోండి. హైదరాబాద్‌లో ఉస్మానియా లాంటి సర్కారీ ఆస్పత్రిలో పేదలకు జిగర్ మార్పిడులు జరిగాయి. ఇల్లు అమ్మే ముందు ఆ గేటు కూడా ఒకసారి తట్టండి. పిల్లల కేసులు, ఖాందాన్‌లోనే నికాహ్‌ల వల్ల వచ్చే జిగర్ బీమారీలు, వాళ్ళ ఆర్టరీ ఇంకా సన్నగా ఉండటం, ఇదంతా వేరే వ్యాసం. రాస్తే ఫుప్పీలందరూ నా మీద పడతారు, ఇన్షా అల్లాహ్ రాస్తాను.

ఇప్పటికి నేను అడిగేది ఇది. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో గుంటూరులోనో ఏదో ఒక జమాత్ ముందుకొచ్చి ముఫ్తీలను, జిగర్ సర్జన్లను ఒక గదిలో కూర్చోబెట్టాలి. సర్జన్ రెండు మిల్లీమీటర్ల రగ్‌ను తెర మీద చూపించాలి. అది మూసుకున్నాక ఎన్ని గంటలుంటాయో చెప్పాలి. తర్వాత ముఫ్తీ సాబ్‌లు మాట్లాడాలి. వద్దు అనే తేల్చినా సరే, ఆ తస్వీర్ చూసి వద్దనాలి. ఆ రోజు ఆడవాళ్ళకు కూడా ముందు వరుసలో చోటివ్వాలి, ఎందుకంటే కోసేది ఎక్కువగా వాళ్ళనే.

జమాత్ కూర్చునే దాకా ఇళ్ళల్లో మాట్లాడుకోవచ్చు. కార్డు మీద సంతకం పెట్టినా ఆ టైముకు ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే జరుగుతుంది కాబట్టి, ఇంట్లో చెప్పకపోతే ఆ కార్డు ఉత్త కాగితం. నేను నా పేరు రాయించాను, దస్తర్‌ఖాన్ దగ్గర అందరి ముందూ చెప్పాను. మా బీవీ ఆలోచించుకుంటానంది. అమ్మీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చాయ్ ఇస్తూ "జిగర్ వరకైతే సరే, కళ్ళు మాత్రం వద్దు" అంది. ఎధీ సాబ్ సంగతి చెప్పి చూశాను. ఇంకా బేరం నడుస్తోంది.